ఎండాకాలంలో రాసిన కాగితం

నిన్న మార్కాపురంలో మా ఇంటి ముందు కరెంటు స్తంభం కోసం గుంత తవ్వారు. రెండు మూరలు దిగేసరికి నల్లమట్టి వచ్చింది, దాంతోపాటు నీచు కలిసిన తడి వాసన. వంగి చూస్తే మట్టిలో మిరియాలంతేసి నత్తగుల్లలు. అంటే మేము ఇల్లు కట్టుకున్నది ఒకప్పటి కుంటలో అన్నమాట. ఎవరు పూడ్చారో, ఎవరు మెట్ట అని రాసిచ్చారో తెలుసుకోవాలని ఒకటే కుతూహలం. ఆ వాసనకు కాశయ్య గారు గుర్తొచ్చారు. నత్తగుల్లలు చూపించి మనిషికి చెమటలు పట్టించిన సర్వేయరును ఆయన్ని ఒక్కరినే చూశాను.

గిద్దలూరు దగ్గర ఒక పల్లెకు నేను కొత్తగా వీఆర్వోగా వచ్చిన రోజులవి. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. టౌన్లో సిమెంటు దుకాణమున్న ఒక ఆసామి, ఆ పల్లెలో తాను కొన్న పొలం చదును చేసుకుంటానని అర్జీ పెట్టాడు. మే నెల ఎండలో గొడుగేసుకుని వెళ్లి చూశాను. నెర్రెలిచ్చిన నేల తప్ప ఏమీ కనపడలేదు. నల్లమట్టిలోనే నెర్రెలు అంత లోతుగా విచ్చుతాయని అప్పటికి నాకు తెలియదు. ‘మెట్ట భూమి, నీటి వనరు లేదు’ అని రాసి, సంతకం పెట్టి, మజ్జిగ తాగి వచ్చేశాను.

ఆసామి ట్రాక్టర్లతో ఎర్రమట్టి తోలించాడు. వానలు పడ్డాక గొర్రెల ఎంకటయ్య ఆఫీసుకొచ్చాడు. “మా కుంట పూడ్చినారమ్మా. నీళ్లకు మందను రైలుకట్ట దాటించాల్సి వస్తాంది. మొన్న మూడు గొర్రెలు రైలు కింద పడినాయి” అన్నాడు. ఏ కుంట అని అడగబోయి ఆగిపోయాను. నా సంతకం గుర్తొచ్చింది.

విచారణకు మండల సర్వేయరు కాశయ్య గారిని పంపారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. కొలత గొలుసు తెచ్చారు గానీ సంచి విప్పనే లేదు. “ఎంకటయ్యా, మందను తోలుకురా. అదిలించొద్దు, ఊరికే వదిలెయ్” అన్నారు. గొర్రెలు ఎర్రమట్టి మీదుగా తిన్నగా నడిచి, ఒకచోట ఆగి, నేలను వాసన చూసి, తలలెత్తి అరిచాయి. అవి రోజూ నీళ్లు తాగిన చోటు అది. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆయన అక్కడే గడ్డపార వేయించారు. మూరెడు ఎర్రమట్టి కింద నల్లమట్టి, తుంగ వేర్లు, నత్తగుల్లలు. “గొర్రెల సాక్ష్యం పంచనామాలో రాయలేం గానీ ఇది రాయొచ్చు” అన్నారు.

ఆసామికి నిజంగానే చెమటలు పట్టాయి. కానీ ఊరుకోలేదు. “పట్టా నాది సార్. కుంట లేదని మీ ఆఫీసు కాగితమే చెబుతాంది. ఈ మేడమే రాసినారు” అని నా రిపోర్టు జిరాక్సు బయటికి తీశాడు.

“పట్టా ఎవరిదైనా నీళ్లు నిలిచే చోటు పూడ్చగూడదు నాయనా. వాల్టా చట్టం అట్లనే చెబుతాంది” అన్నారు కాశయ్య గారు. ఆ జిరాక్సును మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మెల్లగా అడిగాను, నా కాగితం పక్కనపెట్టి మీ రిపోర్టుతో పని నడపలేమా అని.

“నడపొచ్చు. కోర్టుకు పోతే ఆ కాగితమే అడ్డం పడుతాది. తప్పు చూసినానని నువ్వే రాయాల.”

“ఉద్యోగం పోతే సార్?”

ఆయన గొలుసు సంచిని కాళ్ల దగ్గరికి లాక్కున్నారు. తర్వాత, “పామూరు దగ్గర నేనూ ఒక కుంటను ఎండాకాలంలో చూసి మెట్ట అని రాసినానమ్మా. తెలిసినాక కూడా సరిచేయలే, భయపడినా. ఇప్పుడాడ అంతా ప్లాట్లు. ఆ దారిన బస్సులో పోయేటప్పుడు ఇవతలి పక్క సీట్లో కూర్చుంటా, అది కనపడకుండా” అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే రాసిచ్చాను: ‘వేసవిలో చూసి పొరబడ్డాను. అది కుంట.’ నాకు మెమో వచ్చింది, ప్రొబేషన్ పెంచారు, ఇంట్లో తిట్లు సరేసరి. మట్టి ఎత్తేయమని ఆసామికిచ్చిన నోటీసు మాత్రం నిలబడింది. ఆసామి సొంత ఖర్చుతో, నన్ను తిట్టుకుంటూ, తోలిన మట్టి అంతా ఎత్తించాడు.

కాశయ్య గారు ఇప్పుడు లేరు. ప్రమోషన్ వచ్చినప్పటి నుంచి నా దగ్గరికి ఏ రిపోర్టు వచ్చినా ముందు “ఏ నెలలో చూశారు?” అని అడుగుతాను. మేడమ్‌కి అదొక చాదస్తమని ఆఫీసులో నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆ పల్లె దారిన పోవాల్సి వస్తే బస్సులో ఎవరినైనా బతిమాలి, కుంట వైపు కిటికీ పక్కనే కూర్చుంటాను.