కుందేలున్న వెండిబిళ్ల

మొన్న తిరుపతిలో పాత నాణేల ప్రదర్శనకు పోయి, అద్దాల పెట్టెలో ఆ వెండిబిళ్లను చూడగానే, ఇట్లాంటిది మా ఇంట్లో ఉండేదని, చిత్తూరు జిల్లాలో రోమాపురి నాణెం ఉన్న కుటుంబం మాదొక్కటేనని పక్కనున్న పెద్దమనిషితో అన్నాను. ఆయన నమ్మినాడు. మీరూ నమ్మేలోపల చెప్పేస్తాను, అది నాది కాదు, మా షడ్డకుడిది, అంటే నా భార్య అక్క మొగుడిది.

చిత్తూరు మామిడికాయల మండీలో పనిచేసే ఆయన, కంసాలి దగ్గర కరిగించబోతున్న పాత వెండిలోనుంచి దాన్ని ఏరి తెచ్చుకున్నాడు. రోమా చక్రవర్తులు తామేలిన ఒక్కొక్క దేశాన్నీ ఒక్కొక్క ఆడమనిషిగా నాణేలమీద అచ్చు వేయించేవారట. ఈయన బిళ్లమీదున్నది స్పెయిను దేశమట, ఒత్తిగిలి పడుకుని, చేతిలో ఆలివ్ కొమ్మ, కాళ్ల దగ్గర కుందేలు. ఆయన వేలు పెట్టి చూపిస్తే గానీ ఆ కుందేలు తెలిసేది కాదు. పలమనేరులో మా అత్తగారింట్లో భోజనాలయినాక బిళ్ల చేతులు మారేది, అంతవరకూ నా గవర్నమెంటు ఉద్యోగాన్ని పొగిడే మామ దాన్ని మరిచి కుందేలు సంగతి అడిగేవాడు, నేనేమో దానివైపు చూడకుండానే పక్కవాళ్లకు అందించేసేవాణ్ణి.

ఒక వరలక్ష్మీ వ్రతానికి, కలశంలో వేయడానికని మా అత్త ఆ బిళ్ల అడిగి తీసుకుంది. వెండి సామాన్లన్నీ విభూతితో తోముతూ ఆడవాళ్లు పెరట్లో కూర్చుంటే, ఎన్నడూ లేనిది నేనూ సాయం కూర్చున్నాను. భక్తితో తోమినానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను గానీ, భక్తీ లేదు పాడూ లేదు. చింతపండు కూడా కలిపి, బొటనవేలు నొచ్చేదాకా కుందేలున్న చోటే రుద్దినాను. తళతళలాడే బిళ్లను ఆయన కిటికీ దగ్గర చాలాసేపు చూసి, కుందేలు పోయిందప్పా అని మాత్రం అన్నాడు. మళ్లీ దాన్ని పంక్తిలోకి తేలేదు. గెలిచినాను, అయినా ఆ ఇంటి అన్నం నాకు మునుపటి మాదిరి రుచించలేదు.

ఇప్పుడు ఆ పంక్తులూ లేవు, ఎదురుగా కూర్చుని అసూయ పుట్టించే మనుషులూ లేరు. ఎవరి వైభవమైనా ఫోనులో చూసి, ఒంటరిగా కుళ్లుకోవాల్సిందే. అద్దాల పెట్టెలోని స్పెయినమ్మ కాళ్ల దగ్గర కుందేలు చెవులతో సహా ఉంది. ఇంటికొచ్చి, నలభై ఏండ్ల నాటి తప్పు ఒప్పుకుందామని ఆయనకు ఫోను చేసినాను. అంతా విని ఆయనన్నది ఇది:

"నీ మొగం. ఆడ యాడుండాదప్పా కుందేలు, నాకు దొరికినప్పుడే ఆ సోటు నున్నగా అరిగిపోయిండాది. మామ ఎప్పుడు సూసినా నీ ఉద్యోగాన్నే పొగడతా ఉంటే ఓర్సుకోలేక, పుస్తకంలో సదివిన కుందేలును నేనే దానిమీద పెట్టినా. నువ్వు రుద్దినావు, పోయిందని సెప్పి బతికిపోయినా."