గంట వెనక్కి వెళ్లిన కంప్యూటర్

ఆ రోజు తప్పు నాదే. ఉదయగిరిలో నా కంప్యూటర్ సెంటర్‌కు వచ్చే ఒక అమ్మాయికి సీతారామపురం వెళ్లే ఆఖరి బస్సు తప్పిపోయేలా చేశాను.

తొంభైల చివర, అక్టోబరు నెలాఖరు సోమవారం. పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే తెరమీద ఇంగ్లీషులో ఏదో ప్రకటన వచ్చింది. చదవకుండానే ఓకే నొక్కాను. సాయంత్రం ఆ అమ్మాయి కిటికీలోంచి ఎండను చూసి లేచింది.

“సార్, బస్సు టైమైనట్టుండాది.”

తెర మూలనున్న గడియారం చూశాను. “ఇంకా గంట ఉండాది, కూర్చో. కంప్యూటర్ కంటే ఎండకు ఎక్కువ తెలుసా ఏంది?”

క్లాసులో మిగతావాళ్లందరూ నవ్వారు. ఆమె తల వంచుకుని కూర్చుంది. నేను పొమ్మన్నాక బస్టాండుకు వెళ్లి, కాసేపటికే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

“బస్సు పోయింది సార్. మా నాయన ఇంక నన్ను పంపడు.”

అప్పుడు వెతికితే తెలిసింది. సిస్టమ్ సిద్ధం చేసిన రోజు ఏ ప్రాంతపు సమయమని అది అడిగింది. మన దేశాన్ని ఎంచకుండా, అందులో ముందే ఉన్న అమెరికాకే సరే అన్నాను. తర్వాత గడియారాన్ని మన వేళకు తిప్పి, పని అయిపోయిందనుకున్నాను. అక్కడ పగటి వెలుతురు కలిసిరావాలని వేసవికి గడియారాలు గంట ముందుకు జరుపుతారు, చలికాలానికి వెనక్కి తిప్పుతారు. ఆ తేదీలు కంప్యూటర్‌కు ముందే తెలుసు. తాను ఉన్నది అక్కడేనని నమ్మి గంట వెనక్కి వెళ్లింది, ఆ మాట తెరమీద చెప్పింది కూడా. ఆత్మకూరులో నేర్చుకున్న కోర్సు సర్టిఫికెట్‌ను గోడకు తగిలించుకున్న నేనే చదవలేదు.

నా భార్యను వెంటబెట్టుకుని, జీపు మాట్లాడి, అమ్మాయిని ఊరికి తీసుకెళ్లాను. నెపం కంప్యూటర్ మీదకు ఎలా నెట్టాలా అని దారంతా ఆలోచించాను. రోడ్డుమీదే నిలబడి ఉన్న తండ్రి ముఖం చూశాక ఆ మాట నోట రాలేదు.

“చదివింది చాల్లే సారూ. రేపట్నించి పంపను.”

“బయల్దేరతానంటే నేనే ఆపినాను. ఆ పిల్ల చెప్పిందే నిజం. నేనే ఎగతాళి చేసినాను.”

“బాగుండాది నీ చదువు చెప్పడం!” అని కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ప్రతి సిస్టమ్‌లోనూ మన దేశాన్ని ఎంచి, గంట సరిచేసి, ముందురోజు నవ్వినవాళ్ల ఎదుట నా తప్పు చెప్పాను. తర్వాత బస్సెక్కి మళ్లీ ఆ తండ్రి దగ్గరికి వెళ్లాను. ఆమె క్లాసు పొద్దుటికి మారుస్తానని, మధ్యాహ్నం బస్సు నేనే ఎక్కిస్తానని చెప్పాను.

“ఎక్కించకపోతే నీ సెంటర్‌కే వచ్చి కూర్చుంటా,” అన్నాడు.

కోర్సు అయ్యేదాకా రోజూ బస్టాండుకు వెళ్లి, బస్సు కదిలాకే వెనక్కి తిరిగాను.