మేక మేసిన రెక్క

మొన్న మార్కాపురంలో క్షవరం చేయించుకుంటుంటే మంగలి వేళ్ళు నా నడినెత్తి మీద ఆగిపోయాయి. వెంట్రుకలు పలచబడ్డాక అక్కడ రెండు మచ్చలు బయటపడ్డాయి. ఎవరు కొట్టారని అడిగాడు. ఒకటి మా గురువు, రెండోది మన తర్లుపాడు వాళ్ళు, రెండూ యుద్ధంలో తగిలినవే అన్నాను. అతను నవ్వాడు. నా ఈడువాళ్ళు అంత తొందరగా నవ్వరు, మీరూ నా ఈడువాళ్ళే కాబట్టి మీకు చెబుతున్నాను.

మన తాలూకాలు కర్నూలు జిల్లాలో, ఆ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రెండో ప్రపంచయుద్ధపు రోజులవి. పటాలంలో రాతకోతల ఉద్యోగమని నాయనకు చెప్పి, ఉత్తరాన ఒక మైదానంలో యుద్ధవిమానాలు నడపడం నేర్చుకోవడానికి చేరాను. శిక్షణ విమానంలో గురువు ముందు, శిష్యుడు వెనక. ఇద్దరికీ చెరొక కర్ర, దాన్ని ఎటు వంచితే విమానం అటు తిరుగుతుంది. మా గురువు ఉత్తరాది మనిషి, పొట్టివాడు, ముక్కు మీద కోపం. నేను తప్పు వంచినప్పుడల్లా తన కర్రను ఊడబెరికి, వెనక్కి తిరిగి, నా నెత్తిన ఒకటి వేసేవాడు. ఆ కాసేపూ విమానం నా చేతిలోనే ఉండేది కనుక, కొట్టేటప్పుడు మాత్రమే ఆయన నన్ను పూర్తిగా నమ్ముతాడని మిత్రులకు చెప్పి నవ్వించేవాణ్ణి.

మాకొక ఆచారం ఉండేది. పైకి పోయినవాడు మంటల్లో మాడిపోతే, మరునాడు వాడి పళ్ళెంలోని ఉడికిన గుడ్డును పక్కవాడు తినాలి, ఏడవకూడదు. అట్లా ఇద్దరు మిత్రుల గుడ్లు నా వంతుకు వచ్చాయి. రెండోసారి నేను ఉప్పు అడిగాను. బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఒకడు బయటికి పరుగెత్తి కక్కుకున్నాడు.

ఒకరోజు దూరప్రయాణం నేర్పుతూ గురువు దారి తప్పాడు. నల్లమల దాటగానే కింద రైలుపట్టా, అవతల పలక గనుల నల్లటి కుప్పలు కనబడ్డాయి. ఇది మా సీమే, వచ్చేది తర్లుపాడే అని మా ఇద్దరి మధ్యనున్న మాట్లాడే గొట్టంలో అరిచాను. పొద్దస్తమానం ఎగతాళి చేసేవాడి మాట ఎవరు నమ్ముతారు? స్టేషను బోర్డు చదువుదామని ఆయన విమానాన్ని బాగా కిందికి దించాడు. బోర్డు మీద తర్లుపాడు అనే ఉంది. అది చదివిన సంతోషమైనా తీరకముందే ఇంజను దగ్గి ఆగిపోయింది. పక్కనున్న బీడులో దిగితే అక్కడ గొర్రెల మంద. కొన్ని చక్రాల కింద నలిగాయి, విమానం ముక్కు నేలలో దిగబడింది, గురువు తొడ చీలి నెత్తురు పొంగింది. గట్టిగా కట్టి డాక్టరు దగ్గరికి చేర్చకపోతే మనిషి దక్కడు.

ఆయన్ని బయటికి లాగానో లేదో, కర్రలతో కొడవళ్ళతో ఊరు వచ్చిపడింది. తోలు టోపీలు, కళ్ళకు అద్దాలు, మొహాన నెత్తురు, జపానువాళ్ళు దిగారనుకున్నారు. గొర్రెల కాపరి ముసలాయన మొదటి దెబ్బ గురువు భుజం మీద వేశాడు. రెండోదానికి నేను ఆయన మీద అడ్డంగా పడుకున్నాను. నా టోపీ ఎగిరిపోయింది.

“కొట్టొద్దు తాతా! మనోణ్ణే, మార్కాపురమోణ్ణి!”

“సూడండ్రా, జపానోడు మన మాటలు గూడా నేర్సుకోని వచ్చినాడు!” అని తాత ఇంకా గట్టిగా బాదాడు.

నాయన పేరు, దుకాణం ఉన్న బజారు చెప్పాను. వెనక నుంచి ఒకాయన అందుకున్నాడు: “ఆయన కొడుకు పటాలంలో రాస్కుంటా కూసోనుండాడు. మబ్బుల్లో ఎందుకు తిరుగుతాడు? అబద్ధం. ఎయ్ ఇంగొకటి!”

ఒక కంట్లోకి నెత్తురు దిగింది. రెండో కంటికి మా విమానం కనబడింది. మందలోని ఒక మేక తీరుబడిగా దాని రెక్కను నములుతోంది.

“నన్ను తర్వాత సంపుదురు గాని, ముందు ఆ మేకను తోలుకో తాతా. సర్కారోళ్ళ యుద్ధాన్ని మేస్తాంది!”

అందరూ అటు తిరిగారు. తాత పోయి రెక్కను పొడిచాడు. కర్ర అవతలికి వచ్చింది.

“ఇదేందిరా! గుడ్డ! ఉత్త గుడ్డ!”

ఒకరు నవ్వారు, తర్వాత ఊరంతా నవ్వింది. మేక మేసే విమానంలో వచ్చినవాణ్ణి చూసి ఎవరు భయపడతారు? కొడవళ్ళు కిందికి దిగాయి. నవ్వనిది తాత ఒక్కడే. వచ్చి, తాను పగలగొట్టిన నా నెత్తి మీదే చెయ్యి పెట్టాడు.

“ఈ గుడ్డలో కూసోబెట్టి నిన్ను పైకి తోలినారా నాయనా? మీ నాయనకు తెల్సా?”

ఆయన చెయ్యి కిందే తల అడ్డంగా ఊపాను.

తాత తలపాగాతో గురువు తొడ బిగించారు, మంచం మీద వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగున మోశారు. చచ్చిన గొర్రెలను తలచుకుని మమ్మల్ని తిడుతూనే తాత మంచం పక్కన పరుగెత్తాడు. గురువు బతికాడు. నేను మైదానానికి తిరిగొచ్చేసరికి నా గుడ్డు ఎవరో తినేశారు. నాయన సంగతి అడగకండి. ఆయన కొట్టినచోట మచ్చ పడలేదు. నెలల తర్వాత గురువు కుంటుతూ వచ్చి, మళ్ళీ విమానమెక్కి, వెనక్కి తిరిగి నా నెత్తిన ఒకటి వేసినప్పుడు మాత్రం కళ్ళు చెమర్చాయి. సంతోషమని చెబితే ఇంకొకటి వేసేవాడు.

ఈ మధ్య బేస్తవారిపేట దగ్గర మా బస్సు కాలవలోకి ఒరిగింది. మోకాలు చీరుకుపోయి గట్టు మీద కూర్చున్నాను. తోటి ప్రయాణికులు దిగి వచ్చారు, మర్యాదగా నా వంక చూశారు, వెనకొచ్చిన బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. ఎవరూ నన్ను కొట్టలేదు. ఎవరి కొడుకువని కూడా ఎవరూ అడగలేదు.