చెప్పిందే రాసిన అక్క

మద్దిలపాలెంలో మేము చాలా ఏళ్ళు అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఉండే అక్క మొన్న బుధవారం చనిపోయింది. ఉదయం మిషను మీద ఒక జాకెట్టు కుట్టి, నీరసంగా ఉందని పడుకుంది. కూతురు అన్నానికి లేపబోతే లేవలేదు. నాకు ఆ కబురు ఫోనులో చెప్పింది పరవాడ అబ్బాయి. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీలో అతని పరీక్షలు రాసింది అక్కే. "సార్, అక్క నేదు" అన్నాడు.

చూపు లేని విద్యార్థి జవాబు నోటితో చెబితే, పక్కన కూర్చుని దాన్ని కాగితం మీద పెట్టే మనిషిని స్క్రైబు అంటారు. పరీక్ష రాసేవాళ్ళ కంటే ఒక మెట్టు తక్కువ చదివినవాళ్ళే ఆ పని చేయాలని నిబంధన. అక్క ఇంటరుతో ఆగిపోయింది. "నా సదువు ఆగిపోడం ఈళ్ళకి పనికొచ్చింది తమ్ముడూ" అని నవ్వేది. ఇంటికి తిండి పెట్టింది కుట్టుపనే. పరీక్షల కాలం వచ్చిందంటే మాత్రం మిషను మీద దుప్పటి కప్పేసి వెళ్ళిపోయేది. జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి సణిగేవారు.

ఆమె పద్ధతులు కొన్ని నాకు తెలుసు. కొత్త పెన్నుతో ఎప్పుడూ హాల్లోకి వెళ్ళలేదు. ముందురోజే అరపేజీ రాసి, పెన్ను ఆగకుండా నడుస్తోందని చూసుకునేది. మధ్యలో లేవాల్సి వస్తుందని పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టేది కాదు. ప్రతి జవాబూ పూర్తయ్యాక ఒకసారి చదివి వినిపించేది. తప్పు జవాబైనా సరైన జవాబైనా ఒకే గొంతు. గొంతు మారితే అది జవాబు అందించినట్టే అనేది.

పరవాడ అబ్బాయి ఆఖరి ఏడాది చరిత్ర పరీక్షలో జరిగింది ఇది. శాశ్వత శిస్తు విధానం గురించి రాయమని ప్రశ్న. అతను కంగారులో రైత్వారీ విధానం గురించి చెప్పుకుంటూ పోయాడు. అక్క ఏళ్ళ తరబడి అవే పాఠాలు రాస్తోంది. ఆమెకు రెండో వాక్యానికే తప్పని తెలిసిపోయింది. అయినా అతను చెప్పిందే రాసింది. చదివి వినిపించబోతే, టైము లేదు, తర్వాతి ప్రశ్న చదవమన్నాడు. చూపు లేని విద్యార్థులకు మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనంగా ఇవ్వాలి. హాలు అధికారి వాళ్ళు తెచ్చిన అనుమతి కాగితం తిప్పి చూసి, ఇందులో స్క్రైబు గురించే ఉంది, టైము గురించి లేదని చెప్పి, అందరితోపాటే పేపరు తీసేసుకున్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కాగితంలో నిజంగానే లేదు.

ఆ ఒక్క పేపరూ పోయింది. ఈ ఏడు పాసవకపోతే ఇక చదివించేది లేదని తండ్రి ముందే చెప్పేశాడు. ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం అబ్బాయి తల్లిని వెంటబెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

"నాను తప్పు సెప్తన్నానని నీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"మార్సి రాత్తే నీ సొమ్మేటి పోద్దమ్మా?" అంది తల్లి.

అక్క ఆ తల్లితో కాదు, అతనితోనే అంది. "నాను మార్సి రాత్తే అది నా పరీచ్చ అయిపోద్దిరా. నీది కాదు."

అతను కర్ర తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే, ఆ రోజు నాకు తల్లి మాటే సబబుగా తోచింది.

తప్పిన పేపరు మళ్ళీ రాసే సప్లిమెంటరీకి ఇంకా నెల పైన టైముంది. వారం తిరక్కుండానే అక్క అతనికి ఫోను చేసి, ఈసారి ఇంకెవరి చేతైనా రాయించుకో, గంట అదనంగా ఇమ్మనే కాగితం మాత్రం నేను తెస్తానంది. ఆ తిరుగుడు నేను కొంత చూశాను. కాలేజీ వాళ్ళు పరీక్షల విభాగానికి వెళ్ళమన్నారు. పరీక్షల విభాగం వికలాంగుల విభాగానికి పంపింది. అక్కడి ఇన్‌ఛార్జి సెలవులో ఉన్నాడు. సెలవయ్యాక వచ్చి, డాక్టరు సర్టిఫికెట్టు పాతదైపోయింది, కొత్తది కావాలన్నాడు. పుట్టినప్పటి నుంచీ లేని చూపుకి కొత్త సర్టిఫికెట్టు. ఆస్పత్రిలో వారానికి ఒక్కరోజే చూస్తారు. ఎర్రటి ఎండలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని బస్సులు మారుతూ తిరిగింది. ఒక ఆఫీసులో ఎవరో, అబ్బాయి మీకు ఏమవుతాడని అడిగారట. "ఏటీ అవడు. ఆడి పరీచ్చ రాత్తాను" అని చెప్పిందట.

పరీక్షల కాలంలో ఇలాంటి వార్త మా పత్రికకి నేను ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు. హాలు రెండో అంతస్తులో ఉంది, స్క్రైబును ఒప్పుకోలేదు, టైము ఇవ్వలేదు. ఊరు పేరు, విద్యార్థి పేరు మారేవి. మిగతాది పాత వార్తలోంచి దించుకున్నా తేడా తెలియదు. ఈసారీ రాస్తానంటే అక్క వద్దంది. రాస్తే ఆఫీసు వాళ్ళకి కోపం వస్తుంది, కాగితం ఆగిపోతుంది, ముందు కాగితం రానీ అంది. నాకు తెలిసిన ఒక అధికారికి రెండుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. కాగితం పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం చేతికొచ్చింది.

స్క్రైబు పేరు రాయాల్సిన చోట ఖాళీ ఉంది. పరవాడ నుంచి వచ్చిన అబ్బాయి ఆ కాగితాన్ని చేత్తో తడిమి, "నీ పేరే రాయక్కా" అన్నాడు. ఎందుకలా అన్నాడో అప్పుడు చెప్పలేదు. మొన్న ఫోనులో అడిగాను. "ఇంకొకలు రాత్తే, పాసయింది నానో ఆళ్ళో నాకు తెలీదు గద సార్" అన్నాడు. ఆ పరీక్షలో పాసయ్యాడు. ఇప్పుడు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా.

ఆ సప్లిమెంటరీ రోజున, గంట అదనంగా ఇస్తారో లేదో చూద్దామని నేను హాలు దాకా వెళ్ళాను. మూడు గంటల టైము అయిపోగానే బెల్లు కొట్టారు. అందరూ పేపర్లిచ్చి వెళ్ళిపోయారు. బెంచీలన్నీ ఖాళీ. అటెండరు తాళాలు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. వరండా కిటికీలోంచి చూస్తే, ఆఖరి వరసలో ఫ్యాను కింద ఇద్దరే ఉన్నారు. అక్క మొదటి జవాబు నుంచి చదువుతోంది. అతను తల వంచి వింటున్నాడు. ఎక్కడో ఒకచోట వేలెత్తాడు.

"ఆగక్కా. ఆ లైను కొట్టెయ్."

ఆమె ఎందుకని అడగలేదు. స్కేలు పెట్టి ఆ వాక్యం మీద తిన్నగా గీత గీసింది. పెన్ను కింది లైను మీద ఆనించి, అతను చెప్పేదాకా ఆగింది.