శంకరమ్మ సాక

ఇబ్రహీంపట్నం బస్టాండులో మా పక్కింటి శంకరమ్మకు భయపడనివాళ్లు లేరు. మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. కంకి గిల్లి చూసి వద్దన్నవాణ్ని వాడి బస్సు కదిలేదాకా తిడుతుంది. మాది తెనాలి. ఈ తెలంగాణ ఊళ్లో ఇల్లు కట్టుకున్న కొత్తలో నేనూ ఆ తిట్లు తిన్నదాన్నే. ఇప్పుడు మా పప్పులో ఉప్పెంత వెయ్యాలో కూడా ఆమే చెబుతుంది.

అలాంటి మనిషి మొన్న శనివారం మా గుమ్మంలో నిలబడి నసిగింది.

"వసంతమ్మా, రేపు జర పట్నం తోల్కపోతవా బిడ్డా? అన్నకు సాక పొయ్యాలె."

ఆమె అన్న పరశురాం అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం పట్నంలో ఊరేగింపుకు వెళ్లి, కాల్పుల్లో పోయాడు. శవం ఇంటికి రాలేదు. పోయినవాళ్ల పేరు చెప్పి నేలమీద కల్లు ధారపోసి, ఇంటి కబుర్లు చెప్పడం వాళ్ల ఆచారం. దాన్నే సాక అంటారు. సమాధే లేని అన్నకు ఎక్కడ పోస్తుంది? రాష్ట్రం వచ్చిన రోజున, అరవై తొమ్మిదిలో పోయినవాళ్ల గుర్తుగా కట్టిన గన్‌పార్కు స్తూపం దాకా వెళ్లిందట గానీ, ఆ జనంలో దగ్గరికి పోలేక కల్లు సీసాతోనే తిరిగొచ్చింది. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఈసారి కాకపోతే ఇక కాదని ఆమె భయం.

ఆదివారం పొద్దున్నే కారు తీశాను. ముందు చార్మినార్ చూడాలంది. చిన్నప్పుడు అన్న భుజాలమీద ఎక్కించుకుని చూపించాడట. దగ్గరికెళ్లి తలెత్తింది. శంకరమ్మ నోరు మూతపడటం నేను అప్పుడే చూశాను.

"గప్పుడు గింత పెద్దగ లేకుండె," అంది చివరికి. "అన్న భుజాల మీదికెళ్లి జూస్తే నాకంటె జర్రంతనే ఎత్తుండె."

హుస్సేన్‌సాగర్ దగ్గర అంబేద్కర్ విగ్రహం చూసి కొంగు నెత్తిన కప్పుకుంది. దీపం ఆకారంలో కట్టిన కొత్త అమరవీరుల స్మారకం ముందైతే మరీను. ఆ నున్నటి ఉక్కులో ఆకాశం, మబ్బులు మెరుస్తుంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది.

"మా అన్నోళ్లకు గింత గొప్పగ గట్టిన్రా!" అని రెండు చేతులూ ఎత్తి మొక్కింది. కాసేపటికి కిందికి చూసింది. "గని మన్నేది బిడ్డా? సాక మన్నుల ఇంకాలె."

మేం నిలబడ్డచోట అంతా బండపరుపే. మళ్లీ కారెక్కి గన్‌పార్కుకు వచ్చాం.

ఎర్రరాతి స్తూపం, కొసన తెల్లపువ్వు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ఎవరితో కలిసి ఉండలేమని ఆ కుర్రాడు ప్రాణమిచ్చాడో, నేను వాళ్ల మనిషిని. అతని ముందుకు ఏ మొహం పెట్టుకుని పోను?

"గాడ్నే నిలవడ్డవేంది? రా!" అని గద్దించి, నా చెయ్యి పట్టి లాక్కుపోయింది.

స్తూపానికి కాస్త ఎడంగా పచ్చికలో కూలబడి, వేళ్లతో గడ్డి పాయదీసింది. తడిమన్ను కనబడింది. సీసా వంచింది. కల్లు నురగకట్టి ఇంకిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఎదురుగా కూర్చున్నవాడితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అన్నా, తెలంగాణ వచ్చింది. నేను ముసల్దాన్నయిన. అవ్వ, బాపు నీ దగ్గర్నే ఉన్నరు గద." మళ్లీ నా చెయ్యి అందుకుంది. "గీమె మా పక్కింటి వసంతమ్మ. ఆంధ్రామె. గీమెనే నన్ను తోల్కొచ్చింది. ఏమనకే అన్నా."

మిగిలిన కల్లు నా దోసిట్లో పోసి, "నువ్వు గూడ పొయ్యి," అంది.