రెండో కిటికీ కోసం ఒక ప్రశ్న

గాలికాలం మొదలైందని నాకు క్యాలెండరు చెప్పనక్కర్లేదు. పొద్దున అంగడి తలుపు తెరిచి, ముందు వరసలో బోర్లించిన స్టీలు తపేలా మీద వేలితో గీత గీస్తే చాలు. బూడిదకంటే మెత్తగా, పిండికంటే బరువుగా ఉండే తెల్లటి దుమ్ము వేలికి అంటుకుంటుంది. బంగారు గనులు మూతపడ్డాయి గానీ, తవ్వి, రసాయనంతో కడిగి, బంగారం తీసుకుని పారేసిన మట్టి మాత్రం మా ఊరి చుట్టూ గుట్టలుగా మిగిలిపోయింది. సైనైడ్ గుట్టలంటాం వాటిని. గాలి లేస్తే అవి కొంచెం కొంచెంగా మా ఇళ్లలోకి వచ్చేస్తాయి. నిన్న ఒకాయన ఆ తపేలా మీద వేలు పెట్టి చూసి, "పాత సరుకా అమ్మా?" అన్నాడు. ధర తగ్గించమని దానికి అర్థం. అంగళ్ల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఆ మాటకు నా దగ్గర బోలెడు జవాబులున్నాయి. ఒక్కటీ చెప్పకుండా ఊరికే నిలబడ్డాను. ఆయన కాసేపు తపేలాని చూశాడు, కాసేపు నన్ను చూశాడు, చెప్పిన ధరకే కొనుక్కుపోయాడు. అలా ఊరుకోవడం నాకు నేర్పినవారు గంగులప్పగారు.

మీరు ఆయన పేరు విని ఉండరు. మా వైపు నుంచి ఒకే ఒక్కసారి బెంగళూరు శాసనసభకు గెలిచారు, అదీ ప్రతిపక్షంలో. గెలిచిన కొత్తలో, ఆఫీసుకు వచ్చేవాళ్లకు టీ కాయడానికి పెద్ద దబర కావాలని మా అంగడికి వచ్చారు. ఎమ్మెల్యే కదా అని ధర కాస్త పైనే చెప్పాను. బేరమాడకపోతే లాభం, ఆడితే తగ్గించి గౌరవించినట్టు ఉంటుంది. ఆయన ఏమీ అనలేదు. దబరను అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. ఆ మౌనం భరించలేక కొంత తగ్గించాను. ఆయన మూత తీసి లోపలికి చూశారు. ఇంకొంత తగ్గించాను. అడుగు తట్టి చూశారు. నేను మళ్లీ నోరు తెరవబోతుంటే ఆయనే కంగారుపడ్డారు.

"చాలు పాపా, ఇంగ తగ్గిస్తే మీ నాయన నన్ను తరుముకుంటాడు. నాకు బేరం రాదు. మూత సరిగ్గా కూర్చుంటాదా లేదా అని చూస్తా ఉంటి, అంతే."

"ఆ మాట ముందే చెప్పకూడదా అప్పా? సగం అంగడి మీకు రాసిచ్చేస్తా ఉంటిని!"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "నువ్వు మాట్లాడతావు, నేను మాట్లాడను. మా ఆఫీసుకు నీలాంటి మనిషి ఒకరు కావాల. కన్నడం రాస్తావు కదా?" అన్నారు. అప్పటికి నాకు ముప్పై దాటాయి, అయినా ఆయనకు నేను పాపనే. ఆ రోజు నుంచి మధ్యాహ్నం దాకా ఆయన ఆఫీసు, ఆ తర్వాత నా అంగడి. దబరలో పోయిన లాభం జీతంలో రాబట్టుకుందామని వెళ్లాను. అదీ కుదరలేదు.

ఆయన పని పద్ధతి వింతగా ఉండేది. సభలో అడగబోయే ప్రశ్నను ముందు అది ఎవరి కష్టమో వాళ్ల వాకిట్లోనే అడిగి చూసేవారు. వాళ్లలో ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి మంత్రిని చేసేవారు. జవాబు తప్పించుకోవడమే ఆ మంత్రి పని. తప్పించుకోగలిగితే ప్రశ్న మళ్లీ రాయాల్సిందే. అలా నేను మునెమ్మ ఇంటికి వెళ్లాను. ఊరిగాం దగ్గర, గని పనివాళ్ల కోసం కంపెనీ కట్టించిన పాత వరస ఇళ్లలో ఆమెది ఒకటి. భర్త సుబ్బన్న ఏళ్ల తరబడి గనిలో దిగి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకుని పైకొచ్చినవాడు. గాలికాలంలో గుట్ట మీది దుమ్ము ఇంట్లోకి వస్తే ఆయన దగ్గు ఆగదు. అందుకని మునెమ్మ ఇంటికున్న రెండు కిటికీలకూ పాత చీరలు తడిపి కట్టేది. ఆరిపోగానే మళ్లీ తడిపేది. మండే ఎండలోనూ ఆ గది చెమ్మగా, చీకటిగా ఉండేది. ఆ చీకట్లో మంచం మీద కూర్చుని సుబ్బన్న వాకిట్లో మా మాటలు వినేవాడు.

ఆ గుట్ట మీద మొక్కలు నాటించామని, దుమ్ము ఆగిపోయిందని, దానికి ఇంత ఖర్చయిందని ప్రభుత్వం చెప్పుకుంది. వెళ్లి చూస్తే ఎండు పుల్లలు. ప్రశ్న రాయమని ఆయన నాకు చెప్పారు. నేను నా అంగడి తెలివంతా పెట్టి రాశాను: ఖర్చెంత, గుంతలెన్ని, కాంట్రాక్టు ఎవరికి, కంచె ఎక్కడ, ఏ జాతి మొక్కలు, నీళ్లు ఎవరు పోశారు, రోగులకు ఆస్పత్రి ఏది. ఎక్కువ అడిగితేనే కదా కొంచెమైనా రాలేది! మునెమ్మ కొంగు నిండుగా కప్పుకుని కుర్చీలో కూర్చుంది. గంగులప్పగారు నిలబడి నా ప్రశ్న మొత్తం చదివారు. ఆమె గొంతు సవరించుకుంది.

"సభ్యులు కంచె గురించి అడిగినారు. కంచె బాగుండాది. కంచెకుండే ముళ్లు కూడా బాగుండాయి. ఇంగ కూర్చోండప్పా."

లోపలి నుంచి సుబ్బన్న దగ్గు మధ్యలో నవ్వాడు. "మంత్రిగారూ, నా కాఫీ యాడ?"

"పరిశీలనలో ఉండాది!"

వాకిలంతా నవ్వింది, నేను తప్ప. గంగులప్పగారు కాగితం నా చేతికిచ్చారు. "చూసినావా పాపా? నువ్వు ఇన్ని పరిచిపెడితివి, ఆమె సులువైంది ఏరుకునింది. బేరంలో ఎక్కువ చెప్పి తగ్గొచ్చు. ఇక్కడ అట్ల కాదు. ఒకటే అడగాల. అడిగి నోరు మూసుకోవాల."

"నోరు మూసుకునేదానికా అప్పా మిమ్మల్ని గెలిపించింది?"

"మరి నీ దబర ఎట్ల కొన్నాను?"

ఆయన మునెమ్మ వైపు తిరిగి మెల్లగా అడిగారు. "మంత్రిగారూ, గుట్ట మీద నాటిన మొక్కల్లో ఈ పొద్దు బతికుండేవి ఎన్ని?" మునెమ్మ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. చివరికి కొంగు దులుపుకుని కుర్చీలోంచి లేచిపోయింది. "ఈ పదవి నాకొద్దప్పా."

బెంగళూరులో ఆ ప్రశ్న వచ్చిన రోజు నేను సందర్శకుల గ్యాలరీలో ఉన్నాను. అసలు మంత్రి లేచి ఖర్చు చదివారు, గుంతలు చదివారు, కంచె కూడా చదివారు. గంగులప్పగారు లేచి ఆ ఒక్కటీ అడిగారు. మంత్రి మళ్లీ ఖర్చు దగ్గరికే వెళ్లారు. అధికార పక్షం వైపు నుంచి ఎవరో, "ప్రతిపక్షానికి చెట్లు లెక్కపెట్టే పని దొరికింది!" అని కేక వేస్తే సభంతా నవ్వింది. ఈయన కదల్లేదు. అంతలో ఇంకేదో గొడవ మీద ఈయన పార్టీ నాయకుడు సభ నుంచి బయటికి నడిచారు. వెనకే వాళ్లంతా నినాదాలు చేస్తూ లేచారు. పక్కాయన గంగులప్పగారి చొక్కా పట్టి లాగాడు. ఆయనా వెళ్లిపోతే ప్రశ్న అక్కడితో అయిపోయినట్టే. మునెమ్మ చీరలు తడుపుకుంటూనే ఉండాలి. వెళ్లకపోతే పార్టీ ఊరుకోదు. ఆయన నెమ్మదిగా చొక్కా విడిపించుకుని అలాగే నిలబడ్డారు. నినాదాలు తలుపు దాటిపోయాయి. ఖాళీ బల్లల మధ్య ఒక్క మనిషి. మా అంగట్లో దబర చుట్టూ ఉన్న మౌనం ఇదే. మంత్రి కాగితాలు తిరగేశారు, వెనక కూర్చున్న అధికారుల వైపు చూశారు, నీళ్లు తాగారు. "ఆ లెక్క నా దగ్గర లేదు. నేనే వచ్చి చూస్తాను" అన్నారు. గంగులప్పగారు దండం పెట్టి కూర్చున్నారు.

"ఇంకో రెండు మాటలు అనింటే ఆయన్ని అక్కడే కడిగేసి ఉండొచ్చు కదప్పా" అన్నాను తిరుగు రైల్లో.

"కడిగితే కోపమొచ్చి రాడు. రానీ పాపా. మొక్కలు కావాల్సింది మనకి."

మంత్రి వచ్చారు. రుమాలు ముక్కుకు పెట్టుకుని ఎండు పుల్లల మధ్య కాసేపు తిరిగారు. వానల ముందు, ఇళ్ల వైపున్న తూర్పు వాలు మీద కొత్త మొక్కలు పడ్డాయి. ఈసారి ఎండాకాలమంతా నీళ్ల ట్యాంకరు వచ్చింది. మొక్కలు మనిషి ఎత్తుకు వచ్చాక ఒక గాలికాలంలో మునెమ్మ మమ్మల్ని పిలిచి ఇల్లు చూపించింది. గదిలో సగం వెలుతురు. "ఒక కిటికీకి చీర తీసేసినానప్పా. ఇంగోదానికి పడమటి దుమ్ము వస్తా ఉండాది, దానికి ఉంచినా." సుబ్బన్న మంచం వెలుతురు వైపు జరిగింది. గంగులప్పగారు రెండో కిటికీ ముందు చాలాసేపు నిలబడి, "దీనికి ఇంగో ప్రశ్న పెడదాం" అన్నారు.

పెట్టలేకపోయారు. ఎన్నికలొచ్చాయి, సభలో ఒంటరిగా నిలబడ్డ మనిషికి పార్టీ టికెట్ ఇవ్వలేదు. నేను నాయకుణ్ణి తిట్టాను, పార్టీని తిట్టాను, ఆ దబరను కూడా తిట్టాను. ఆయన టీ చల్లార్చుకుంటూ, "నీ మూత మాత్రం బాగా కూర్చుంటాది పాపా" అన్నారు. పోయిన వానాకాలంలో ఆయన కన్నుమూశారు. దబర ఇప్పుడు మా అంగట్లో ఉంది. అడిగినవాళ్లకు అమ్మను.

మొన్న అధికారులు మా ఊళ్లో ప్రజల ఫిర్యాదులు వినే సభ పెట్టారు. మునెమ్మతో కలిసి వెళ్లాను. నా వంతు రాగానే మురుగు కాలువ, వీధి దీపాలు, బస్సు, ఆస్పత్రి, అన్నీ ఒకేసారి నాలుక మీదికొచ్చాయి. అన్నిటినీ మింగేసి, "గుట్టకి పడమటి వైపు మొక్కలు ఎప్పుడు నాటతారు?" అన్నాను. అధికారి తూర్పు వైపు ఎంత పచ్చగా ఉందో వివరించారు. కొత్త పథకాల గురించి చెప్పారు. నేను నిలబడే ఉన్నాను.

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

"లేదు సార్. అదొకటే."

ఆయన ఫైలు తెరిచారు, మూశారు. పక్కనున్న మనిషి చెవిలో ఏదో అడిగారు. నా కాళ్లు లాగుతున్నాయి, నోరు అంతకంటే లాగుతోంది. వెనక నుంచి మునెమ్మ నా కొంగు పట్టుకుని గొణిగింది.

"కూర్చోవద్దు పాపా."

నేను కూర్చోలేదు.