గోతంలో గుంటూరు వెళ్లిన కంప్యూటర్

మా చిన్నమ్మాయి సుజాత పాత కంప్యూటర్‌కి వైఫై వచ్చేసిందండి. రేపటి నుంచి అమ్మాయి దాంట్లోనే పిల్లలకు లెక్కలు చెప్పాలి.

పోయిన వారం పాడైన వైఫై కార్డును బేరానికి చూపించే మిరపకాయల మచ్చులాగా రుమాల్లో కట్టుకెళ్లి, గుంటూరు బ్రాడీపేటలో అలాంటిదే తెచ్చాను. అమరింది గానీ కంప్యూటర్ ఒప్పుకోలేదు. అందుకే ఈరోజు సీపీయూనే గోతంలో పెట్టుకుని దర్శిలో బస్సెక్కాను.

ఆ కార్డు ఇచ్చిన కొట్టు మస్తాన్ గారు నవ్వారు. "పెద్దాయనా, మొత్తం మోసుకొచ్చారేందండీ?"

"మచ్చు నమ్మి దెబ్బతిన్నాను బాబూ. ఇయ్యాల బస్తానే విప్పుతున్నా. కుదిరిందాకా కదలను."

ఆయన పాత కార్డులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశారు. మధ్యాహ్నానికి ఒకటి పట్టింది.

ఒంగోలు పెద్దమ్మాయికి, కొత్తపట్నం వియ్యంకుడికి, మా తమ్ముడికి ఈ కబురు విన్న మీలో ఎవరైనా చెప్పండి. ఆ కంప్యూటర్‌ను పాత ఇనుముకు వేసెయ్యమన్న మా బావకు మాత్రం నేనే చెబుతాను.